మట్టి బాటకు ఏ బండి? ట్రయిల్, మోటోక్రాస్ బైకు ఎంచుకునే పద్ధతి

ఆఫ్‌రోడ్ బండి కొందామనుకునేవాళ్ళలో చాలామంది మొదట అడిగేది "ఎన్ని సీసీ తీసుకోమంటారు?" అని. అది రోడ్డు బండి కొనేటప్పటి అలవాటు. మట్టిలోకి దిగాక సీసీ లెక్క బాగా వెనక్కి పోతుంది. ముందు తేలాల్సినవి రెండు: బండి ఏ నేల మీద తిరగబోతోంది, ఆ నేల దాకా ఎలా చేరబోతోంది. ఈ రెండింటికీ ఉన్నదున్నట్టు జవాబు చెప్పుకుంటే, మీరు మనసులో పెట్టుకున్న బళ్ళలో సగానికి పైగా వాటంతటవే జాబితాలోంచి పోతాయి.

రోడ్డు మీద గేరు బండి బాగానే నడుపుతూ, మట్టిలోకి మాత్రం కొత్తగా దిగేవాళ్ళ కోసం రాస్తున్నాను. పెట్టెలు కట్టుకుని లడఖ్ వెళ్ళే పెద్ద అడ్వెంచర్ బళ్ళ సంగతి వేరు. పోలిక కోసం తప్ప వాటి జోలికి పోను.

1. ట్రయిలా, మోటోక్రాసా: ముందు ఇది తేల్చుకోండి

ట్రయిల్ అంటే డొంకలు, బండ్ల బాటలు, గుట్ట మీదికి పోయే కాలిదారులు, వాగులు. వేగం తక్కువ. రోజులో ఎక్కువసేపు ఒకటో గేరు, రెండో గేరులోనే గడిచిపోతుంది. ఉదయం ఊరు దాటి వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తారు. దారిలో రాయి, బురద, ముల్లు, గేదెల మంద, ఏదైనా ఎదురుకావచ్చు.

మోటోక్రాస్ అంటే కట్టిన ట్రాక్. మట్టి దిబ్బల మీంచి గాల్లోకి లేవడం, దిగడం, కట్ట కట్టిన మలుపుల్లో వంగి తిప్పడం, మళ్ళీ లేవడం. ఒక్కో విడత ఇరవై నిమిషాలో అరగంటో ఉంటుంది. ఆలోపే చేతులు బిగుసుకుపోతాయి.

రెండూ మట్టే కదా, ఒక బండి రెంటికీ సరిపోదా అంటే, సరిపోదు. ఎందుకో చెప్తాను.

250 సీసీ మోటోక్రాస్ బండి తీసుకోండి, ఉదాహరణకు కవాసాకి కేఎక్స్ 250. బరువు 105, 110 కిలోల మధ్య. సీటు ఎత్తు 950 మి.మీ. దరిదాపుల్లో. ముందూ వెనకా సస్పెన్షన్ 300 మి.మీ. పైన కదులుతుంది. ట్యాంకులో పట్టేది ఆరు లీటర్ల పైచిలుకు. హెడ్‌లైటు లేదు, ఇండికేటర్లు లేవు, సైడ్ స్టాండ్ కూడా ఉండదు. గాల్లోంచి దిగినప్పటి దెబ్బను తట్టుకోవాలి కాబట్టి స్ప్రింగులు గట్టిగా ఉంటాయి. దాన్ని పట్టుకెళ్ళి గుట్ట మీద రాళ్ళ దారిలో నెమ్మదిగా నడిపితే ఆ స్ప్రింగులు సరిగా నొక్కుకోవు. చక్రం రాయి మీద ఒదగడానికి బదులు పక్కకు ఎగిరిపోతుంది. రేడియేటర్‌కు ఫ్యాన్ ఉండదు, గాలి తగిలితేనే చల్లబడుతుంది. పది నిమిషాలు నడక వేగంతో క్లచ్ పట్టి వదులుతూ పోతే కూలెంట్ మరిగి బయటికి చిమ్ముతుంది. ఒకటో గేరు కూడా రేసు కోసమే పెట్టింది, నిదానంగా పోదామంటే ఇంజన్ ఆగిపోతుంది.

దీనికి తిరగేసి చూడండి. 160 కిలోల ట్రయిల్ బండిని ట్రాక్ మీదికి తీసుకెళ్ళి దూకిస్తే ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ గొట్టాలు) చివరిదాకా దిగిపోయి టక్కుమని కొడతాయి. ఆ దెబ్బ మణికట్టుకూ, నడుముకూ చేరుతుంది. నాలుగు ఆదివారాలు అలాగే దూకిస్తే రిమ్ము ఒంకర తిరుగుతుంది, ఆయిల్ సీళ్ళు కారుతాయి. చదునైన మట్టి ట్రాక్, చిన్న చిన్న దిబ్బలైతే పర్వాలేదు. నేర్చుకోవడానికి అవి చాలు కూడా.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మీకు గంట దూరంలో ట్రాక్ లేకపోతే మోటోక్రాస్ బండి కొనకండి. మనలో నూటికి తొంభై మందికి మొదటి బండిగా కావలసింది నంబరు ప్లేటున్న తేలికపాటి ట్రయిల్ బండే. దాని మీద చెయ్యి కుదిరాక, వారంవారం ట్రాక్‌కు వెళ్ళే వీలు దొరికాక, రెండోదిగా మోటోక్రాస్ బండి గురించి ఆలోచించవచ్చు.

2. నంబరు ప్లేటు లెక్క

మోటోక్రాస్ బళ్ళను కంపెనీలు "ఆఫ్‌రోడ్ వాడకానికి మాత్రమే" అని అమ్ముతాయి. మన రోడ్లకు కావలసిన ఆమోదం వాటికి ఉండదు కాబట్టి ఆర్టీఓ ఆఫీసులో రిజిస్ట్రేషన్ జరగదు. ఆర్‌సీ లేదు, ఇన్సూరెన్స్ లేదు. ఇంటి నుంచి ట్రాక్ దాకా రెండు కిలోమీటర్లే కదా అని రోడ్డెక్కితే చట్టప్రకారం నేరమే. ఆ రెండు కిలోమీటర్లలో ఎవరికైనా తగిలితే పరిహారం మొత్తం మీ జేబులోంచే కట్టాలి.

అందుకని మోటోక్రాస్ బండి ధరకు దాన్ని మోసుకెళ్ళే ఖర్చు కూడా కలపండి. సొంత పికప్ ఉంటే సరే. లేకపోతే వెళ్ళిన ప్రతిసారీ టాటా ఏస్ మాట్లాడుకోవాలి. బండి ఎక్కించడానికి ఒక చెక్క పలక, హ్యాండిల్‌ను రెండు వైపులా లాగి కట్టే పట్టీలు, ఇంకో మనిషి సాయం కావాలి. అపార్టుమెంటులో ఉంటే సెల్లార్‌లో ఆ బండి కడగనిస్తారా, ఆ చప్పుడుకు కింది వాటావాళ్ళు ఊరుకుంటారా అన్నది కూడా చూసుకోండి. సరదాకు అనడం లేదు. కొన్న బండి మూలన పడి ఉండటానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

పిల్లల కోసం చిన్న బళ్ళు చూస్తున్నవాళ్ళకు ఒక్క మాట. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 199ఏ సెక్షన్ వచ్చింది. మైనరు రోడ్డు మీద బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి ఓనరుకో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. పిల్లల బండి ట్రాక్ లోపలే ఉండాలి, కాలనీ రోడ్డు మీద ఒక్క రౌండు కూడా వద్దు.

నంబరు ప్లేటున్న బండికీ హద్దులున్నాయి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని అదే చట్టంలో 52వ సెక్షన్ చెబుతుంది. సైలెన్సర్ మార్చి మోత మోగిస్తే చలానా ఖాయం. ట్రయిల్ వాళ్ళందరూ మొదటి వారమే పీకి పారేసే శారీ గార్డ్ కూడా నిబంధనల ప్రకారం ఉండి తీరాల్సిందే. విప్పితే దాచుకోండి, రోడ్డెక్కేటప్పుడు బిగించుకోండి.

రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీల్లో దిగాలని ఉంటే మన దేశంలో మోటారు రేసులను నడిపించే సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు తీసుకోవాలి. ఆ పోటీలో ఏ తరగతిలో ఏ బండి అనుమతిస్తారో ముందే చదువుకోండి. బండి కొన్నాక చదివితే ఉపయోగం లేదు. మన దేశంలో డర్ట్ ట్రాక్ పోటీల్లో ఇక్కడే తయారైన మామూలు బళ్ళకు విడిగా తరగతులుంటాయి కాబట్టి, ఎనిమిది లక్షలు పోసి మోటోక్రాస్ బండి కొనకుండానే రేసు రుచి చూడవచ్చు.

3. మీరు తిరిగే నేలను గుర్తుపట్టండి

ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. ఇంగ్లీషు వీడియోల్లో చెప్పే నేల వేరు, మన నేల వేరు.

ఎర్రమట్టి, మొరం ఉన్న చోట, అంటే హైదరాబాద్ చుట్టుపక్కల, రంగారెడ్డి, మహబూబ్‌నగర్, అనంతపురం వైపు పట్టు బాగుంటుంది. ఎండాకాలంలో పైన పొడి కంకర పేరుకుని మలుపులో ముందు చక్రం జారుతుంది. అంతకు మించి భయం లేదు. గుట్టల మీద బండరాళ్ళు మొదలైతే అప్పుడు బండి కింద ఇంజన్‌ను కాపాడే బాష్ ప్లేటు, గ్రౌండ్ క్లియరెన్స్ (నేల నుంచి బండి అడుగుకు ఉన్న ఎత్తు) రెండూ కావాలి. 220 మి.మీ. అయితే నడిచిపోతుంది, 250 దాటితే నిశ్చింత.

నల్లరేగడి సంగతి పూర్తిగా వేరు. ఆదిలాబాద్, కర్నూలు, గుంటూరు పల్నాడు వైపు వానాకాలంలో చేల గట్ల మీద బండి నడిపినవాళ్ళకు చెప్పక్కర్లేదు. తడిసిన రేగడి గారెల పిండిలా టైరుకు అంటుకుంటుంది. మొదట బొడిపెల సందులు నిండి టైరు నున్నగా అయిపోతుంది. ఇంకో యాభై అడుగులు పోతే మట్టి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య దట్టంగా కూరుకుని ముందు చక్రం తిరగడం మానేస్తుంది. అక్కడ ఎంత పవరున్నా దండగే, దిగి పుల్లతో గోకాల్సిందే. అందుకని రేగడి నేలలో తిరిగేవాళ్ళు మడ్‌గార్డు ఎక్కడుందో చూడాలి. టైరును ఆనుకుని కిందికి ఉండే రోడ్డు బండి మడ్‌గార్డు పనికిరాదు. ఫోర్కుల పైన, హెడ్‌లైటు కింద ముక్కులా ముందుకు సాగి, టైరుకు జానెడు ఎడమున్నదే కావాలి. టైరు బొడిపెలు కూడా ఎడం ఎడంగా ఉంటే మట్టి విదిలించుకుంటుంది.

వాగుల్లో, ఏటి ఒడ్డున ఇసుక. ఇసుకలో బరువే శత్రువు. ముందు చక్రం దిగబడకుండా ఉండాలంటే వెనక్కి వాలి థ్రాటిల్ తెరిచి ఉంచాలి. 200 కిలోల బండితో కొత్తవాళ్ళు అది చెయ్యలేరు.

మన్యం వైపు, మారేడుమిల్లి, లంబసింగి, అరకు చుట్టూ ఆకు కుళ్ళిన తడి మట్టి, వేర్లు, నాచు పట్టిన రాళ్ళు. అక్కడ నిదానంగా లాగే ఇంజన్, మెత్తని క్లచ్ ఉన్న బండి సుఖం.

ఏ జిల్లా అయినా తప్పనిది ముల్లు. సర్కారు తుమ్మ ముల్లు బూటు అడుగులోకే దిగిపోతుంది, టైరు ఎంత! ఆఫ్‌రోడ్ బళ్ళకు పుల్లల (స్పోకుల) చక్రాలే ఉంటాయి, చాలావాటిలో ట్యూబులుంటాయి. ట్యూబు పంక్చరు అడవిలో చక్రం విప్పే పని. మందపాటి ట్యూబులు వేయించుకోండి. విప్పడం, వేయడం ఇంటి దగ్గర నీడలో ఒకసారి చేసి చూడండి. అది రాకుండా ఒంటరిగా వెళ్ళొద్దు.

అడవి గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రిజర్వు ఫారెస్టులో దారి కనిపించింది కదా అని దూరకూడదు. అమ్రాబాద్, కవ్వాల్, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యాలు, పాపికొండల జాతీయ వనం లాంటి చోట్ల 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. అనుమతి లేకుండా బండితో పోతే కేసవుతుంది, బండీ పోతుంది. పట్టా భూముల్లో అయితే రైతును అడిగి వెళ్ళండి. పంట గట్టు తొక్కించి వచ్చారంటే తర్వాత వచ్చే పది మందికి ఆ దారి మూసేసినట్టే.

4. ఎత్తు చూడండి, బరువు ఎత్తి చూడండి

మట్టిలో బండి పడుతుంది. పడకుండా నేర్చుకున్నవాళ్ళు లేరు. కాబట్టి మొదటి పరీక్ష నడపడం కాదు, లేపడం. తెలిసినవాళ్ళ బండి ఉంటే గడ్డి మీద నెమ్మదిగా పక్కకు పడుకోబెట్టి ఒక్కరే లేపి చూడండి. ఒకసారి లేపడం గొప్ప కాదు. వరసగా ఐదుసార్లు లేపాక చేతులు వణకకుండా క్లచ్ పట్టుకోగలిగితే ఆ బరువు మీకు సరిపోతుంది. షోరూములో దీనికి ఒప్పుకోరు, అందుకే స్నేహితుల బండి అన్నాను.

సీటు ఎత్తుకు జనం అనవసరంగా భయపడతారు. రెండు పాదాలూ పూర్తిగా ఆనాలన్నది రోడ్డు లెక్క. ఆఫ్‌రోడ్‌లో ఒక పిర్ర కాస్త జరిపి ఒక కాలి ముందుభాగం గట్టిగా ఆనితే చాలు. పైగా మీరు కూర్చోగానే సస్పెన్షన్ కొంత దిగుతుంది. ఐదడుగుల ఆరంగుళాల మనిషి 830 మి.మీ. సీటు మీద హాయిగా ఉంటాడు. 880 మీద మొదట ఇబ్బంది పడి తర్వాత అలవాటు పడతాడు. 950 అంటే ఆగిన ప్రతిచోటా ఏ రాయో గట్టో వెతుక్కోవాలి. ట్రాక్ మీద ఆగే పని ఉండదు కనుక అక్కడ అది సమస్య కాదు.

ఆ తర్వాత నిలబడి చూడండి. సెంటర్ స్టాండ్ ఉంటే దాని మీద, లేకపోతే ఎవరినైనా పట్టుకోమని, ఫుట్ రెస్టుల మీద నిలబడి మోకాళ్ళు కొద్దిగా వంచండి. మోకాళ్ళ మధ్య ట్యాంకు ఇరుకుగా, పట్టుకోవడానికి వీలుగా ఉందా? హ్యాండిల్ అందుకోవడానికి నడుము బాగా వంగాల్సి వస్తోందా? వస్తే హ్యాండిల్ ఎత్తుచేసే రైజర్లు వేసుకోవచ్చు. ట్యాంకు వెడల్పు మాత్రం మార్చలేం, అది సరిపడకపోతే బండి వదిలేయడమే.

5. సస్పెన్షన్: టేపు పట్టి కొలవండి

డబ్బు పెట్టాల్సింది ఇంజన్ మీద కాదు, ఇక్కడ. బండి మీ బరువుకు తగినట్టుందా లేదా అన్నది కొలిచి తెలుసుకోవచ్చు. దర్జీ టేపు చాలు.

ఇద్దరు బండిని వెనక నుంచి ఎత్తి పట్టుకుని వెనక చక్రం గాల్లో ఉంచాలి. చక్రం ఇరుసు నుంచి నిట్టనిలువుగా పైకి, సీటు కింద ఒక బోల్టో, మీరు పెట్టుకున్న గుర్తో, అక్కడిదాకా ఎన్ని మిల్లీమీటర్లో రాసుకోండి. తర్వాత బండి కిందికి దించి, హెల్మెట్, బూట్లతో సహా మీరు ఎక్కి కూర్చోండి. ఒకరు ముందు పట్టుకుంటే ఇంకొకరు అదే చోట మళ్ళీ కొలవాలి. రెండింటి తేడా వెనక సస్పెన్షన్ మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు ఉండాలి. 170 మి.మీ. కదిలే బండికి 55 దరిదాపు. 300 కదిలే మోటోక్రాస్ బండికి నూరు, నూట అయిదు. తేడా అంతకన్నా బాగా ఎక్కువుంటే స్ప్రింగు మీకు మెత్తన, ముందు ప్రీలోడ్ (స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచే బిగింపు) బిగించి చూడండి. తక్కువుంటే వదులు చేయండి. ప్రీలోడ్ చివరిదాకా తిప్పినా లెక్క కుదరకపోతే స్ప్రింగే మార్చాలి.

కొనేముందు ఈ కొలత ఎందుకంటే, విదేశీ మోటోక్రాస్ బళ్ళ స్ప్రింగులు సాధారణంగా డెబ్బై, ఎనభై కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకుని వేస్తారు. 58 కిలోల కుర్రాడు ఎక్కితే అది చెక్క కుర్చీలాగే ఉంటుంది. స్ప్రింగు తెప్పించే ఖర్చు, నిరీక్షణ ధరలో కలుపుకోవాలి.

6. ఇంజన్

దీని మీద ఎక్కువ రాయను. ట్రయిల్‌కు గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్, 18 నుంచి 25 హెచ్‌పీ చాలు. కింది ఆర్‌పీఎంలో లాగడమే ముఖ్యం. పవర్ చాలదనిపిస్తే ముందువైపు స్ప్రాకెట్‌కు (చైను తిరిగే పళ్ళ చక్రానికి) ఒక పన్ను తగ్గించండి, కొద్ది వందల్లో బండి స్వభావం మారిపోతుంది, కాకపోతే హైవే మీద టాప్ స్పీడు కొంత పోతుంది.

టూ స్ట్రోక్ మీద మనవాళ్ళకు మమకారం ఎక్కువ. యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయినా ఇప్పటికీ దాని ఇంజన్‌తో డర్ట్ రేసులు తిరిగేవాళ్ళున్నారు. తేలిక, సులువుగా విప్పి బిగించవచ్చు, ఒప్పుకుంటాను. కానీ దానికి సస్పెన్షన్ అంటూ లేదు, మంచి స్పేర్లు దొరకడం కష్టం, ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. మొదటి బండిగా వద్దు.

మోటోక్రాస్ ఇంజన్ నిర్వహణ కిలోమీటర్లలో కాదు, గంటల్లో లెక్కిస్తారు. ఎయిర్ ఫిల్టర్ ప్రతిసారీ, ఇంజన్ ఆయిల్ ఐదు పది గంటలకోసారి, గట్టిగా నడిపితే కొన్ని పదుల గంటలకే పిస్టన్. సర్వీస్ మాన్యువల్ ముందే తిరగేసి, ఆ సామాన్ల ధరలు డీలర్‌ను అడిగి తెలుసుకోండి. కంప్రెషన్ ఎక్కువ కాబట్టి పెట్రోలు కూడా మామూలుది కాకుండా 95 ఆక్టేన్ పోయమంటారు.

7. ఇప్పుడు బళ్ళ పేర్లు

హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ. 158 కిలోలు, సీటు 825 మి.మీ., సస్పెన్షన్ ముందు 190, వెనక 170. ముందు 21, వెనక 18 అంగుళాల చక్రాలు, అంటే అసలైన ఆఫ్‌రోడ్ టైర్లు సులువుగా దొరికే సైజు. పవర్ 19 హెచ్‌పీకి కొంచెం లోపే. హైవే మీద 90 దాటితే ఆయాసపడుతుంది. కానీ ఏ మండల కేంద్రంలోనైనా క్లచ్ కేబులు దొరుకుతుంది, మెకానిక్‌కు చూపిస్తే భయపడడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. దీనిలోనే ప్రో రకం ఉంది: సస్పెన్షన్ 250, 220కి, సీటు 891కి, గ్రౌండ్ క్లియరెన్స్ 270కి పెరుగుతాయి, రిజిస్ట్రేషన్ కూడా అవుతుంది. పొడగరులు, కొంత చెయ్యి తిరిగినవాళ్ళు అది చూడవచ్చు.

ఎక్స్‌పల్స్ 210ని 2025లో తెచ్చారు. లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు, 24 హెచ్‌పీ పైన. సస్పెన్షన్ కూడా 200 మి.మీ. దాటింది. బరువు 170 కిలోలకు దగ్గర. వారమంతా ఆఫీసుకు, ఆదివారం గుట్టలకు అనేవాళ్ళకు 200 కన్నా ఇది మేలు. కేవలం మట్టికే అయితే ఆ పన్నెండు కిలోలు నాకు బరువుగానే తోస్తాయి.

కవాసాకి కేఎల్ఎక్స్ 230. 139 కిలోలు. ఈ ఒక్క అంకె కోసమే దీన్ని చూడాలి. సీటు 880, సస్పెన్షన్ 240 మి.మీ. దరిదాపుల్లో, ఇంజన్ సాదాసీదా ఎయిర్ కూల్డ్. రాళ్ళ గుట్ట మీద ఎక్స్‌పల్స్ వాళ్ళు చెమటోడుస్తుంటే దీని మీదివాళ్ళు పాటలు పాడుకుంటూ పోతారు. షోరూములు పెద్ద ఊళ్ళలోనే ఉంటాయి. సామాన్లకు ఎదురుచూడాల్సి రావచ్చు. మీ ఊరి నుంచి సర్వీసు ఎంత దూరమో చూసుకుని తీసుకోండి.

కేటీఎం 390 ఎండ్యూరో ఆర్. 46 హెచ్‌పీ, 177 కిలోలు, సీటు 860. మంచి బండే, కానీ మొదటిది కాకూడదు. రెండో గేరులో థ్రాటిల్ కొంచెం ఎక్కువ తిప్పితే వెనక చక్రం మీ మాట వినదు. ట్యాంకు తొమ్మిది లీటర్లు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450: 196 కిలోలు. దూరప్రయాణానికి దీన్ని మించింది ఈ ధరలో కష్టం. ఇరుకు కాలిదారిలో, ఇసుకలో మాత్రం అది మిమ్మల్ని నడిపిస్తుంది. కంకర రోడ్లు, ఘాట్లే మీ ఆఫ్‌రోడ్ అయితే నిరభ్యంతరంగా తీసుకోండి.

మోటోక్రాస్‌లో పెద్దవాళ్ళకు కేఎక్స్ 250, కేటీఎం 250 ఎస్ఎక్స్-ఎఫ్ తరగతి. 450 సీసీ మోటోక్రాస్ బండి గురించి మొదటి రెండేళ్ళు ఆలోచించకండి, దాని పవరును లొంగదీసుకోలేక అలిసిపోవడం తప్ప నేర్చుకునేది ఉండదు. కేఎక్స్ 250 మన దగ్గర ఎనిమిది లక్షల దరిదాపుల్లో పడుతుంది.

అంత పెట్టేముందు ఒకరోజు అద్దె బండితో శిక్షణ తీసుకోండి. డకార్ ర్యాలీలో పాల్గొన్న మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్ నెలకొల్పిన బిగ్ రాక్ డర్ట్‌పార్క్ కోలార్ దగ్గర ఉంది. చిత్తూరు, మదనపల్లె వాళ్ళకు పక్క ఊరు కింద లెక్క, అనంతపురం వాళ్ళకూ ఒక పూట ప్రయాణమే. ముందు ఫోన్ చేసి ఏ బళ్ళు, ఏ తేదీలు అన్నది కనుక్కుని వెళ్ళండి. ఒక పూట దిబ్బలు దూకి వచ్చాక, ఇది మీకు నచ్చే ఆటా కాదా అన్నది మీ ఒళ్ళే చెబుతుంది.

8. డబ్బు ఎలా పంచాలి

చేతిలో రెండు లక్షలుంటే రెండు లక్షల బండి చూడకండి. కనీసం నాలుగో వంతు పక్కన పెట్టండి. అందులో మొదటి ఖర్చు బూట్లు. మడమ, చీలమండ విరగడం ఈ ఆటలో మామూలు విషయం. పోలీసు బూట్లు, ట్రెక్కింగ్ షూలు బండి కింద కాలు పడితే ఆపలేవు. గట్టి అడుగు, బకిల్స్ ఉన్న మోటోక్రాస్ బూట్లే కావాలి. పదిహేను, ఇరవై వేలవుతుంది, బాధపడకండి. తర్వాత మోకాలి గార్డులు, ఛాతీ రక్షణ, ఐఎస్ఐ గుర్తున్న ముందు ముక్కున్న హెల్మెట్, దుమ్మాపే గాగుల్స్, గ్లవ్స్. దుమ్ములో వైజర్ హెల్మెట్‌తో ఊపిరాడదు.

బండికి వెంటనే కావలసినవి మూడే: ఇనుప కమ్మీ ఉన్న హ్యాండ్ గార్డులు, మంచి బాష్ ప్లేటు, టైర్లు. కంపెనీ టైర్లు అరిగేదాకా ఆగి మార్చినా తప్పులేదు, రేగడి, బురద నేలవాళ్ళు మాత్రం ముందే మార్చుకోవాలి. ఫాగ్ లైట్లు, జెర్రీ క్యాన్లు, స్టిక్కర్లు తర్వాత.

9. సెకండ్ హ్యాండ్ అయితే

సెకండ్ హ్యాండ్ ఎక్స్‌పల్స్‌లు బోలెడు దొరుకుతాయి, అందులో సగం మట్టి చూడనివే. అది మంచిదే. చూసినదాన్ని మాత్రం ఇలా పరీక్షించండి.

పొద్దున్నే వెళ్ళండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయాలి. అమ్మేవాళ్ళు ముందే వేడి చేసి ఉంచితే అనుమానించండి. ఎయిర్ ఫిల్టర్ మూత విప్పించి, ఫిల్టర్ దాటాక ఇంజన్ వైపు ఉన్న గొట్టంలో వేలు పెట్టి తుడవండి. వేలికి ఎర్రదుమ్ము అంటిందంటే ఆ దుమ్ము సిలిండర్‌లోకి కూడా పోయినట్టే. ఇంక బేరం అక్కర్లేదు, లేచి వచ్చేయండి.

ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ నిదానంగా తిప్పండి. మధ్యలో ఎక్కడో గుంటలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. వెనక చక్రం పట్టుకుని అటూఇటూ ఊపితే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేమ్‌కు కలిపే చెయ్యి) బుష్షుల్లో లూజు తెలుస్తుంది. పుల్లలను చిన్న స్పానర్‌తో ఒక్కొక్కటే తట్టండి. అన్నీ దాదాపు ఒకే శ్రుతిలో మోగాలి. మొద్దుగా పలికింది వదులైంది. కిందికి వంగి ఫ్రేమ్ అతుకుల దగ్గర కొత్త పెయింటు, కొత్త వెల్డింగు ఉన్నాయేమో చూడండి.

కాగితాలు: ఆర్‌సీలో ఛాసిస్ నంబరు బండి మీద చెక్కిన నంబరుతో కలవాలి. ఫైనాన్స్ ఉంటే ఎన్‌ఓసీ అడగండి. ఎంపరివాహన్ యాప్‌లో చలానాలు, ఇన్సూరెన్స్ చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ మోటోక్రాస్ బండికి ఆర్‌సీ ఎలాగూ ఉండదు కాబట్టి ఇన్‌వాయిస్, దిగుమతి బండి అయితే కస్టమ్స్ సుంకం కట్టిన బిల్ ఆఫ్ ఎంట్రీ తప్పనిసరి. "పేపర్లు లేవు, అందుకే సగం ధర" అన్నవాళ్ళ దగ్గర కొనకండి. విడిభాగాలుగా దొంగదారిన తెచ్చిన బండి అయితే కస్టమ్స్ వాళ్ళు ఎప్పుడైనా పట్టుకుపోతారు. ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటర్ అంకెను నమ్మకండి, ఇంజన్ ఎప్పుడు విప్పారో బిల్లులు చూపించమనండి.

10. ఇంటికి తెచ్చిన వారంలో

క్లచ్, బ్రేకు లీవర్లు కొంచెం కిందికి తిప్పండి. నిలబడి నడిపేటప్పుడు మణికట్టు వంగకుండా వేళ్ళు అందాలి. బిగింపు మరీ గట్టిగా వద్దు, పడితే లీవర్ విరగకుండా తిరిగిపోవాలి. ఒక విడి క్లచ్ లీవరు కొని సీటు కింద పెట్టుకోండి.

టైరు గాలి: రోడ్డు మీద కంపెనీ చెప్పినంత. మట్టిలోకి దిగాక 18, 20 పీఎస్‌ఐకి తగ్గించండి. రాళ్ళు ఎక్కువుంటే ఇంకా తగ్గించొద్దు, రిమ్ము రాయికి కొట్టుకుని ట్యూబు రెండు చోట్ల పాము కాటులా కోసుకుపోతుంది. తిరిగి రోడ్డెక్కే ముందు నింపుకోవడానికి చిన్న పంపు వెంట ఉండాలి.

ఏబీఎస్‌కు ఆఫ్‌రోడ్ మోడ్ ఉంటే అదెలా మారుతుందో ఖాళీ మైదానంలో తెలుసుకోండి. కొన్ని బళ్ళలో ఇంజన్ ఆపి స్టార్ట్ చేయగానే మళ్ళీ రోడ్డు మోడ్‌కు వచ్చేస్తుంది. గుట్ట దిగుతూ కనుక్కోవలసిన విషయం కాదది.

మొదటి మట్టి రైడు తర్వాత ఫిల్టర్ శుభ్రం చేసి నూనె పట్టించండి, చైను కడిగి చూసుకోండి. కొత్త బండి పుల్లలు మొదటి ఒకటి రెండు రైడ్లలోనే కొంత వదులవుతాయి. మళ్ళీ బయల్దేరేలోపు చక్రాలు రెండూ బిగించే పని తెలిసిన మెకానిక్‌కు చూపించండి. ఊళ్ళో సైకిల్ చక్రాలు సెట్ చేసే పాతకాలపు మనిషి ఎవరైనా ఉంటే ముందు ఆయన దగ్గరికే వెళ్ళండి.